చెపాక్ కొలబద్ద: టెస్టు ఓపెనర్ల తరాలు

టెస్టు క్రికెట్‌లో ఓపెనర్ చేసే పని మిగతా బ్యాట్స్‌మన్ల పని లాంటిది కాదు. అతనికి ఎదురయ్యే బంతి కొత్తది, గట్టిది. పైన మెరుగు తగ్గలేదు, కుట్టు అరగలేదు. బౌలర్ ఇంకా అలిసిపోలేదు. పిచ్ ఎలా ఉందో లోపల కూర్చున్నవాళ్లకు తెలిసేది అతను ఆడుతుంటే చూసే. ఎదుటి జట్టు రెండు రోజులు బ్యాటింగ్ చేసి సాయంత్రం డిక్లేర్ చేస్తే, ఆ రెండు రోజులూ ఎండలో ఫీల్డింగ్ చేసిన మనిషే పది నిమిషాల్లో ప్యాడ్లు కట్టుకుని మళ్లీ బయటికి రావాలి. ఊళ్లలో ఆడే టెన్నిస్ బంతి క్రికెట్‌లో ఈ బాధ లేదు. చిత్తూరైనా తిరుపతైనా వీధి ఆటలో ఓపెనర్‌ను తేల్చడం చాలా సులువు: బ్యాటు ఎవరిదో మొదటి బ్యాటింగ్ అతనిదే. టెస్టుల్లో మాత్రం ఆ స్థానాన్ని కోరి తీసుకున్నవాళ్ల కంటే తప్పనిసరై తీసుకున్నవాళ్లే భారత జట్టులో ఎక్కువగా కనిపిస్తారు.

వేర్వేరు కాలాల ఓపెనర్లలో ఎవరు గొప్ప అనే వాదన వచ్చినప్పుడల్లా మొదట బయటికి తీసేది సగటు. అది ఎంత దూరం పనికొస్తుందో చూడటానికి ఒక్క ఉదాహరణ చాలు. విజయ్ మర్చంట్ టెస్టు సగటు 47.72. ఇంగ్లండ్ ఓపెనర్ జెఫ్రీ బాయ్‌కాట్ సగటు కూడా సరిగ్గా 47.72. మర్చంట్ ఆడినవి 10 టెస్టులు, అవీ 1933 నుంచి 1951 దాకా, మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం. బాయ్‌కాట్ ఆడినవి 108. ఒకరు 859 పరుగులు చేశారు, మరొకరు 8114. దశాంశం తర్వాత రెండో అంకె దాకా ఒక్కటైన ఈ రెండు లెక్కలూ ఆ ఇద్దరి గురించి ఉమ్మడిగా చెప్పేది దాదాపు ఏమీ లేదు. మనుషులు, బంతులు, నియమాలు మారుతున్నప్పుడు మారకుండా ఉన్నదాన్ని ఒకదాన్ని పట్టుకుని కొలవాలి. అలాంటిది ఊరే.

దక్షిణ రాయలసీమకు ఆ కొలబద్ద, అంటే మద్రాసు, పక్కనే ఉంది. చిత్తూరు నుంచి మద్రాసు దాదాపు 150 కిలోమీటర్లు. పలమనేరు, ముళబాగిలు మీదుగా బెంగళూరు దాదాపు 180. తిరుపతి నుంచి హైదరాబాద్ 550 కిలోమీటర్లు దాటుతుంది, విశాఖపట్నం 700 పైనే. 1911లో జిల్లాగా ఏర్పడక ముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటుకు కేంద్రం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఈ ప్రాంతానికి రాజధాని మద్రాసే. రాజధాని కర్నూలుకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు పోయింది గానీ, టెస్టు మ్యాచ్ చూడాలంటే రేణిగుంటలో రైలెక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగడమే దగ్గరి దారిగా మిగిలింది. పైగా మద్రాసు టెస్టులు చాలాసార్లు సంక్రాంతి రోజుల్లో పడేవి. ఆ ఊళ్లో క్రికెట్‌కు పండగతో సంబంధం టెస్టుల కంటే పాతది. అక్కడి భారతీయుల క్రికెట్‌కు ఆద్యుడని పేరున్న బుచ్చిబాబు నాయుడు తెలుగువాడు. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బు పెట్టింది ఆయనే. యూరోపియన్లకూ భారతీయులకూ మధ్య ఏటా పొంగల్ సమయంలో జరుగుతూ వచ్చిన ప్రెసిడెన్సీ మ్యాచ్ ఆయన వేసిన పునాది మీద లేచినదే.

మద్రాసులో తొలి టెస్టు 1934 ఫిబ్రవరిలో చెపాక్ మైదానంలో, ఇంగ్లండ్ మీద. ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఓపెనర్ సిరిల్ వాల్టర్స్ మొదటి ఇన్నింగ్స్‌లో 59, రెండో ఇన్నింగ్స్‌లో 102 చేశాడు. భారత ఓపెనర్ నవోమల్ జియోమల్‌కు నాబీ క్లార్క్ బంతి ముఖానికి తగిలింది. 5 పరుగుల దగ్గర అతను ఆట మానుకుని బయటికి వెళ్లిపోయాడు. తల మీద టోపీ తప్ప మరేమీ లేని కాలమది. టెస్టులో హెల్మెట్ పెట్టుకుని దిగిన మొదటివాడు ఆస్ట్రేలియా ఆటగాడు గ్రాహం యాలప్, అదీ 1978లో. అంటే నవోమల్ గాయపడ్డాక 44 ఏళ్ల పాటు ఓపెనర్ల తలకు రక్ష కన్ను, మెడ, అదృష్టమే.

ఆ తరానికి ప్రపంచంలో తిరుగులేని జోడీ జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. ఇంగ్లండ్ తరఫున ఇద్దరూ కలిసి 38 సార్లు ఇన్నింగ్స్ మొదలుపెట్టి, జోడీగా 87.81 సగటుతో 3249 పరుగులు చేశారు. అందులో 15 శతక భాగస్వామ్యాలు. సట్‌క్లిఫ్ టెస్టు సగటు 60.73, హాబ్స్‌ది 56.94. ఈ అంకెల వెనక రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి వాళ్లకు అనుకూలం: 1930ల మధ్య దాకా ఎల్బీడబ్ల్యూ ఇవ్వాలంటే బంతి వికెట్ల వరసలోనే పడాలి. ఆఫ్ స్టంప్ బయట పడి లోపలికి తిరిగే బంతిని కాలు అడ్డం పెట్టి నిశ్చింతగా ఆపేయొచ్చు. 1935లో ప్రయోగంగా మొదలై 1937లో చట్టమైన మార్పు ఆ వెసులుబాటును తీసేసింది. రెండోది ప్రతికూలం: పిచ్‌లను కప్పే అలవాటు లేదు. వాన తడిపిన పిచ్ ఎండకు ఆరుతుంటే బంతి ఒకటి లేచి గొంతు మీదికి, ఇంకొకటి పాకుతూ మడమ మీదికి వస్తుంది. 1926లో ఓవల్‌లో రాత్రి కురిసిన వానకు సరిగ్గా అలాంటి పిచ్ తయారైంది. దాని మీద ఇద్దరూ 172 పరుగుల జోడీ కట్టారు. హాబ్స్ 100, సట్‌క్లిఫ్ 161. ఆస్ట్రేలియా 289 పరుగుల తేడాతో ఓడింది. ఈ కాలపు ఓపెనర్లలో ఆ పూట ఎంతమంది నిలబడతారో ఊహకే వదిలేయాలి.

ఈ జోడీకి తెలుగునేలతో ఒక చుట్టరికం ఉంది. 1930-31లో విజయనగరం మహారాజ్‌కుమార్, క్రికెట్ లోకానికి ‘విజ్జీ’, సొంత జట్టు కట్టి భారత్, సిలోన్‌లలో తిప్పినప్పుడు హాబ్స్, సట్‌క్లిఫ్ ఇద్దరినీ పిలిపించి ఆడించాడు. ప్రపంచంలో అత్యుత్తమ ఓపెనింగ్ జోడీ ఆ శీతాకాలమంతా విజయనగరం పేరున ఉన్న జట్టుకు ఇన్నింగ్స్ మొదలుపెట్టింది. విజ్జీ కెప్టెన్సీ గురించి మంచి మాటలు చెప్పినవాళ్లు తక్కువ. ఆయన నాయకత్వంలో వెళ్లిన 1936 జట్టు ఇంగ్లండ్‌లో టెస్టు సిరీస్ ఓడిపోయింది కూడా. అయితే భారత ఓపెనర్ల చరిత్రలో మొదటి పెద్ద ఘట్టం ఆ పర్యటనలోనే జరిగింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 368 పరుగులు వెనకబడి రెండో ఇన్నింగ్స్ మొదలుపెట్టిన మర్చంట్, ముస్తాక్ అలీ 203 పరుగుల జోడీ కట్టారు. ఆ రోజు ఆట ముగిసేసరికి స్కోరు వికెట్ పడకుండా 190. ముస్తాక్ అలీ 112, మర్చంట్ 114. మర్చంట్‌ది పుస్తకం చూసి నేర్చుకున్నట్టుండే ఆట. ముస్తాక్ అలీ ఫాస్ట్ బౌలర్ వేస్తుంటేనే క్రీజు వదిలి ముందుకు నడిచొచ్చేవాడు. ఒకరు కాచుకోవాలి, మరొకరు కొట్టాలి అనే జోడీ సూత్రం భారత జట్టులో అక్కడ మొదలైంది. అదే టెస్టులో బుచ్చిబాబు కొడుకు కోటా రామస్వామి 40 ఏళ్ల వయసులో మొదటిసారి టెస్టు ఆడి 40, 60 చేశాడు. అంతకు ముందు ఆయన డేవిస్ కప్‌లో టెన్నిస్ ఆడినవాడు.

1956 జనవరి మొదటి వారంలో మద్రాసు కార్పొరేషన్ స్టేడియంలో న్యూజీలాండ్‌తో జరిగిన టెస్టు ఈ కథకు నడుమ స్తంభం. ఈ స్టేడియం చెపాక్ కాదు. సెంట్రల్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లిపోయేంత దగ్గర. పదేళ్ల పాటు మద్రాసు టెస్టులు అక్కడే జరిగాయి. వినూ మన్కడ్, పంకజ్ రాయ్ మొదటి రోజంతా వికెట్ ఇవ్వకుండా ఆడి, రెండో రోజు కూడా కొనసాగించి 413 పరుగుల జోడీ నిలిపారు. మన్కడ్ 231, రాయ్ 173. భారత్ 3 వికెట్లకు 537 దగ్గర డిక్లేర్ చేసి ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. న్యూజీలాండ్ బౌలింగ్ బలహీనమన్న మాట నిజమే, ఆ దేశం అప్పటికి ఒక్క టెస్టూ గెలవలేదు. అయినా 413 అనే అంకె 52 ఏళ్లు నిలిచింది. ఆ మధ్యకాలంలో బలహీనమైన బౌలింగ్ దళాలు చాలానే వచ్చి పోయాయి.

ఆ 231తో ఒక గొలుసు మొదలవుతుంది. అంతకు రెండు నెలల ముందు, 1955 నవంబర్‌లో హైదరాబాద్ ఫతే మైదాన్‌లో జరిగిన తొలి టెస్టులో పాలీ ఉమ్రిగర్ 223 చేసి భారత్ తరఫున మొదటి డబుల్ సెంచరీ కొట్టాడు. తర్వాత బొంబాయిలో మన్కడ్ కూడా సరిగ్గా 223 చేశాడు. మద్రాసులో దాన్ని దాటాడు. భారత బ్యాట్స్‌మన్ అత్యధిక స్కోరు అనే ఆ రికార్డు అక్కడి నుంచి చేతులు మారిన ప్రతిసారీ ఓపెనర్ దగ్గరికో, ఓపెనింగ్ వదిలేసిన మనిషి దగ్గరికో చేరింది. అందులో మూడు మజిలీలు మద్రాసువే.

మన్కడ్ స్వతహాగా ఎడమచేతి స్పిన్నర్. ఓపెనింగ్ అతనికి రెండో ఉద్యోగం. తర్వాతి దశాబ్దంలో తెలుగునేల ఇచ్చిన ఓపెనర్ మోటగానహళ్లి లక్ష్మీనరసు జయసింహది కూడా అదే కథ. సికింద్రాబాద్‌లో పుట్టిన జయసింహ 1959లో లార్డ్స్‌లో తొలి టెస్టు ఆడాడు. మీడియం పేస్ వేసేవాడు, లోయర్ ఆర్డర్‌లోనూ దిగాడు. 1960 జనవరిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద అయిదు రోజుల్లోనూ ఏదో ఒక సమయంలో బ్యాటింగ్ చేసి, అలా చేసిన తొలి టెస్టు ఆటగాడయ్యాడు. అదే ఏడాది డిసెంబర్‌లో కాన్పూర్‌లో పాకిస్తాన్ మీద ఓపెనర్‌గా ఎనిమిది గంటలకు పైగా క్రీజులో ఉండి 99 దగ్గర రనౌటయ్యాడు. అలవోకగా, సొగసుగా షాట్లు ఆడతాడని పేరు పడ్డ మనిషి, నిలబెట్టిన కాలరు, నడకలో రాజసం చూడటానికే జనం వచ్చే మనిషి, జట్టు అడిగిందని గోడలా మారిన రోజది. 1968లో బ్రిస్బేన్‌కు గాయపడ్డవాళ్లకు బదులుగా విమానంలో వెళ్లి దిగుతూనే 74, 101 చేశాడు, ఆ ఆట మాత్రం మధ్య వరసలో. 39 టెస్టుల్లో 2056 పరుగులు, సగటు 30.68, మూడు సెంచరీలు. అంకెలు చూస్తే మామూలు ఓపెనర్. అంకెల్లో పడనిది ఒకటుంది: బొంబాయిలో ఒక కుర్రాడు అతన్ని ఆరాధిస్తూ పెరిగాడు. ఆ కుర్రాడు సునీల్ గవాస్కర్. తర్వాత తన కొడుకుకు రోహన్ జైవిశ్వ అని పేరు పెట్టుకున్నప్పుడు వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ రోహన్ కన్హాయ్ నుంచి రోహన్, జయసింహ నుంచి జై, విశ్వనాథ్ నుంచి విశ్వ తీసుకున్నాడు.

1967 జనవరిలో చెపాక్‌కు మళ్లీ టెస్టులు వచ్చాయి. సంక్రాంతి రోజుల్లో జరిగిన ఆ టెస్టు మొదటి ఉదయం ఫరూఖ్ ఇంజనీర్ లంచ్ లోపే 94 కొట్టాడు. ఎదురుగా ఉన్నది వెస్టిండీస్ జట్టు: వెస్ హాల్, చార్లీ గ్రిఫిత్, సోబర్స్, గిబ్స్. ఇంజనీర్ వికెట్ కీపర్, గ్లవ్స్ విప్పి బ్యాటు పట్టుకున్న మనిషి. 109 చేసి అవుటయ్యాడు. లంచ్ లోపు సెంచరీకి 6 పరుగులు తక్కువ. ఆ 6 పరుగుల బాకీ ఒక భారత ఓపెనర్ తీర్చడానికి 51 ఏళ్లు పట్టింది. అదీ చిత్తూరుకు రెండో వైపున, 2018 జూన్‌లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో అఫ్ఘానిస్తాన్ మీద. శిఖర్ ధావన్ ఆ రోజు లంచ్‌కు 104తో ఉన్నాడు. టెస్టు మొదటి రోజు లంచ్ లోపు సెంచరీ చేసిన తొలి భారతీయుడు అతనే. ఆఫ్ఘన్లకు అది తొలి టెస్టు, ఇంజనీర్ ముందున్నది హాల్, గ్రిఫిత్. రికార్డు పుస్తకంలో ధావన్ పేరుంది, ఇంజనీర్ పేరు లేదు. ఏ ఉదయం ఎక్కువ కష్టమైనదో చెప్పడానికి రికార్డు పుస్తకంలో గడి ఉండదు.

గవాస్కర్ రాకతో భారత క్రికెట్‌లో ఓపెనింగ్ మొదటిసారిగా పూర్తికాలపు వృత్తి అయింది. 1971లో వెస్టిండీస్‌లో తొలి టెస్టుకు అతను లేడు. ఆ స్థానంలో ఆడిన హైదరాబాద్ ఓపెనర్ కెనియా జయంతీలాల్ 5 పరుగులు చేశాడు, మళ్లీ టెస్టు ఆడలేదు. రెండో టెస్టు నుంచి గవాస్కర్ వచ్చి నాలుగు టెస్టుల్లో 774 పరుగులు చేశాడు, సగటు 154.80. చివరి టెస్టులో 124, 220. జయసింహ ఆడిన ఆఖరి టెస్టు కూడా అదే. గురువు వెళ్లిపోతున్న గుమ్మంలోంచే శిష్యుడు లోపలికి వచ్చాడు.

వెస్టిండీస్ మీద గవాస్కర్ 13 సెంచరీలు చేశాడన్నది అందరూ చెప్పే మాట. వాటన్నిటినీ ఒకే తక్కెడలో వేయడం సరికాదు. 1971 నాటికి నలుగురు ఫాస్ట్ బౌలర్ల దళం లేదు. 1978-79లో చేసిన నాలుగూ, కెర్రీ ప్యాకర్ పెట్టిన పోటీ సిరీస్‌కు వెళ్లిన ఆటగాళ్లు లేని జట్టు మీద. తీసేయగా మిగిలినవే అతన్ని పెద్దవాణ్ని చేస్తాయి. 1976లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 403 పరుగుల లక్ష్యాన్ని భారత్ అందుకున్నప్పటి 102 ఒకటి, 1983లో మద్రాసులో చేసింది మరొకటి.

1983 డిసెంబర్‌లో చెపాక్‌లో అతను ఓపెనర్‌గా దిగలేదు. నాలుగో స్థానంలో ఆడతానన్నాడు. మాల్కం మార్షల్ మొదట్లోనే గైక్వాడ్‌నూ వెంగ్‌సర్కార్‌నూ అవుట్ చేయడంతో స్కోరు 2 వికెట్లకు 0. నాలుగో నంబర్ బ్యాట్స్‌మన్ కొత్త బంతి ముందుకే వచ్చి పడ్డాడు. అప్పటి నుంచి 425 బంతులు ఆడి 236తో అజేయంగా మిగిలాడు. తొమ్మిదో వికెట్‌కు కిర్మాణీ తోడుగా విడిపోకుండా 143 జోడించాడు. మార్షల్, హోల్డింగ్, రాబర్ట్స్ ఉన్న బౌలింగ్ అది. తలకు హెల్మెట్ లేదు. ఆ రోజుల్లో అతను వాడటం మొదలుపెట్టింది టోపీ కింద ఇమిడే చిన్న పుర్రె కవచం మాత్రమే. అతనికది 30వ సెంచరీ, బ్రాడ్‌మన్ 29 వెనకపడింది. అదే ఊళ్లో మన్కడ్ చేసిన 231 కూడా వెనకపడింది. తన ఇష్టప్రకారం ఓపెనింగ్ మానుకున్న రోజే అతని అతిపెద్ద ఓపెనింగ్ ఇన్నింగ్స్ వచ్చింది.

అదే మైదానంలో 1986 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియాతో టై అయిన టెస్టు గవాస్కర్‌కు వరసగా 100వది. ఆఖరి రోజు 348 లక్ష్యం ముందు అతను 90 చేశాడు. ఆ తర్వాత ఆరు నెలలకు, 1987 మార్చిలో బెంగళూరులో అతని చివరి టెస్టు. చిన్నస్వామి పిచ్ ఆ మ్యాచ్‌కు ఎంతగా తిరిగిందంటే మణీందర్ సింగ్ 27 పరుగులకు 7 వికెట్లు తీసి పాకిస్తాన్‌ను 116కు కుప్పకూల్చాడు. భారత్ గెలవడానికి 221 కావాలి. బంతి పడ్డచోట దుమ్ము లేస్తోంది. ఒకటి నేలబారుగా జారుతుంది, తర్వాతిది భుజం ఎత్తుకు లేస్తుంది. ఇక్బాల్ ఖాసిం ఒక వైపు, తౌసీఫ్ అహ్మద్ మరో వైపు. గవాస్కర్ మొదట దిగి అయిదు గంటలకు పైగా నిలిచి 96 చేశాడు. బంతిని చివరి క్షణం దాకా చూసి, చేతుల పట్టు వదులు చేసి, లేచిన బంతిని కాళ్ల దగ్గరే చంపేశాడు. 96 దగ్గర ఖాసిం బంతి లేచి స్లిప్‌లోకి వెళ్లింది. భారత్ 16 పరుగుల తేడాతో ఓడింది. ఓపెనర్ అంటే ఫాస్ట్ బౌలింగ్ ఆడేవాడనే మాటను ఈ ఇన్నింగ్స్ తలకిందులు చేసింది. 125 టెస్టులు, 10122 పరుగులు, 34 సెంచరీలు, సగటు 51.12 అక్కడ ఆగిపోయాయి.

చెపాక్, చిన్నస్వామి విదేశీ ఓపెనర్లకూ పరీక్ష పెట్టాయి. 1974 నవంబర్‌లో బెంగళూరులో జరిగిన మొదటి టెస్టుతోనే వెస్టిండీస్ ఓపెనర్ గోర్డన్ గ్రీనిడ్జ్ టెస్టుల్లోకి వచ్చాడు: 93 దగ్గర రనౌట్, రెండో ఇన్నింగ్స్‌లో 107. అదే మ్యాచ్‌లో అడుగుపెట్టిన వివ్ రిచర్డ్స్ చేసింది 4, 3. తర్వాత గ్రీనిడ్జ్ డెస్మండ్ హేన్స్‌తో కలిసి 148 ఇన్నింగ్స్‌ల్లో 6482 పరుగుల జోడీ అయ్యాడు. హాబ్స్, సట్‌క్లిఫ్ సగటు వీళ్లకు లేదు. కాకపోతే వీళ్లు ఆడింది టెస్టులు నాలుగింతలైన కాలంలో, దేశం తర్వాత దేశం తిరుగుతూ. ఇంగ్లండ్ ఓపెనర్ గ్రేమ్ ఫౌలర్ 1985 సంక్రాంతి టెస్టులో చెపాక్‌లో 201 చేశాడు. ఆ తర్వాత ఆడింది ఒక్క టెస్టే. దక్షిణాఫ్రికాలో ఆడినందుకు పడిన నిషేధం ముగించుకుని గ్రాహం గూచ్ తిరిగి రావడంతో చోటు పోయింది. 2001 మార్చిలో ఆస్ట్రేలియా ఓపెనర్ మాథ్యూ హేడెన్ అదే చెపాక్‌లో హర్భజన్ సింగ్‌ను స్వీప్ మీద స్వీప్ కొట్టి 203 చేశాడు. హర్భజన్ ఆ మ్యాచ్‌లో 15 వికెట్లు తీశాడు, హేడెన్ ఆ సిరీస్‌లో 549 పరుగులు చేశాడు. అప్పటికి ఓపెనర్ పనిలో కొత్త బంతి సగమే. ఉపఖండంలో స్పిన్నర్‌కు ఎదురెళ్లి కొట్టడం మిగతా సగం.

ఆ సిరీస్‌లోనే గవాస్కర్ 236 రికార్డు పోయింది. దాన్ని దాటినవాడు హైదరాబాద్‌కు చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్, ఈడెన్ గార్డెన్స్‌లో 281. మూడో స్థానంలో ఆడుతూ చేసిన ఆ స్కోరు వెనక వదిలించుకున్న ఓపెనింగ్ ఉంది. కెరీర్ మొదట్లో లక్ష్మణ్‌ను సెలెక్టర్లు ఓపెనర్‌గా పంపారు. మధ్య వరసలో ఖాళీ లేకపోవడమే అందుకు కారణం. 1998లో ఈడెన్‌లో సిద్ధూతో 191 పరుగుల జోడీ కట్టి 95 చేశాడు. 2000 జనవరిలో సిడ్నీలో, జట్టు మొత్తం 261కి ఆలౌటైన ఇన్నింగ్స్‌లో ఒక్కడే 198 బంతుల్లో 167 చేశాడు, 27 ఫోర్లు. అంతటి ఇన్నింగ్స్ ఆడాక కూడా ఓపెనర్‌గా ఇక ఆడనని చెప్పేశాడు. ఆ ఏడాది రంజీలో మధ్య వరసలో 1415 పరుగులు చేసి మళ్లీ జట్టులోకి వచ్చాడు. జయసింహ అడిగిన పని చేశాడు, లక్ష్మణ్ వద్దన్నాడు. లక్ష్మణ్ చేసిందే సరైనదని 8781 టెస్టు పరుగులు చూస్తే ఒప్పుకోవాలి.

వద్దనకుండా ఒప్పుకున్నవాడు వీరేంద్ర సెహ్వాగ్. 2001లో ఆరో స్థానంలో దిగి తొలి టెస్టులోనే సెంచరీ చేసిన ఇతన్ని 2002లో ఇంగ్లండ్‌లో ఓపెనర్‌ను చేశారు. మధ్య వరస ఆటను మార్చుకోకుండా అదే ఆట కొత్త బంతి మీద ఆడాడు. 2004లో ముల్తాన్‌లో 309తో లక్ష్మణ్ రికార్డు దాటాడు. 2008 మార్చి చివర్లో గొలుసు మళ్లీ చెపాక్‌కు వచ్చింది. అక్కడొక చిత్రమైన కలయిక జరిగింది. ఆ నెల మొదట్లోనే దక్షిణాఫ్రికా ఓపెనర్లు గ్రేమ్ స్మిత్, నీల్ మెకెంజీ చిట్టగాంగ్‌లో బంగ్లాదేశ్ మీద 415 చేసి మన్కడ్, రాయ్‌ల 413ను పడగొట్టారు. నెల తిరక్కుండా వాళ్లిద్దరూ ఆ 413 పుట్టిన ఊళ్లోనే ఇన్నింగ్స్ మొదలుపెట్టారు. మెకెంజీ 94 చేశాడు, జట్టు 540.

సెహ్వాగ్ రెండో రోజు సాయంత్రానికి 52. మూడో రోజు ఆట ఆగేసరికి 309. స్టెయిన్, మోర్కెల్, ఎన్తిని, కాలిస్ ఉన్న బౌలింగ్ మీద ఒక్క రోజులో 257 పరుగులు. 300 చేరడానికి 278 బంతులు పట్టింది, టెస్టుల్లో అంత వేగంగా ఎవరూ చేరలేదు. చివరికి 304 బంతుల్లో 319. గవాస్కర్ అదే ఊళ్లో 425 బంతుల్లో 236 చేశాడు. వంద బంతులకు ఒకరు 56 పరుగులు, ఇంకొకరు 105. రెంటినీ పక్కన పెట్టేటప్పుడు రెండు సంగతులు మరవకూడదు. 2008 పిచ్‌లో బౌలర్‌కు ఏమీ లేదు, అయిదు రోజులూ పరుగులు పారి మ్యాచ్ డ్రా అయింది. 1983లో జట్టు 0 దగ్గర రెండు వికెట్లు పోగొట్టుకుంది. సెహ్వాగ్ తలకు హెల్మెట్ ఉంది, ఓవర్‌కు రెండు బౌన్సర్లకు మించకూడదనే నియమం ఉంది. గవాస్కర్‌కు రెండూ లేవు. అయితే గవాస్కర్ కాలంలో ఎవరూ ఓపెనర్‌ను గంటకు అన్ని పరుగులు అడగలేదు. సెహ్వాగ్ మొదటి రోజు లంచ్‌కే మ్యాచ్ తిప్పేయాలని జట్టు ఎదురుచూసేది. 104 టెస్టుల్లో 49.34 సగటు, 82 స్ట్రైక్ రేటు అలాంటి ఉద్యోగంలో వచ్చినవి. కాపాడుకోవాల్సిన పూటకు గవాస్కర్, గెలవడానికి సమయం కావాల్సిన పూటకు సెహ్వాగ్. వానకు నానిన పిచ్ మీద అయితే ఇద్దరినీ కూర్చోబెట్టి హాబ్స్‌ను పంపడమే క్షేమం.

319 రికార్డు ఇప్పటికీ అక్కడే ఉంది. 2016లో చెపాక్‌లోనే కరుణ్ నాయర్ 303తో అజేయంగా నిలిచి దాని దగ్గరిదాకా వచ్చాడు. ఆ ఇన్నింగ్స్‌లో ఓపెనర్ కె.ఎల్. రాహుల్ 199 దగ్గర అవుటయ్యాడు.

ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు సొంత టెస్టు మైదానం 2016 నవంబర్‌లో విశాఖపట్నంలో వచ్చింది. ఆంధ్ర రంజీ జట్టు మొదలైన 63 ఏళ్లకు. 1953-54లో ఆ జట్టు తొలి కెప్టెన్ సి.కె. నాయుడు, అప్పటికి 58 ఏళ్లు. ఆంధ్ర తరఫున రంజీ ఆడిన కాకినాడ బ్యాట్స్‌మన్ హనుమ విహారిని 2018 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో ఉన్నట్టుండి ఓపెనర్‌గా దింపారు. 66 బంతులు ఆడి 8 పరుగులు చేశాడు. ఆ 8 స్కోరుబోర్డు మీద చిన్నదే. కొత్త బంతి మెరుగు అతని బ్యాటు మీద అరిగింది, అవతల మయాంక్ అగర్వాల్ 76 చేశాడు. హాబ్స్ కాలం వాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమయ్యేది.

2019 అక్టోబర్‌లో విశాఖలో దక్షిణాఫ్రికా మీద రోహిత్ శర్మ మొదటిసారి టెస్టు ఓపెనర్ అయ్యాడు. తల్లి ఊరు విశాఖే. ఆరేళ్లుగా మధ్య వరసలో లోపలికీ బయటికీ తిరుగుతున్న మనిషి 176, 127 చేసి, ఓపెనర్‌గా తొలి టెస్టులోనే రెండు సెంచరీలు కొట్టిన మొదటివాడయ్యాడు. రెండు ఇన్నింగ్స్‌ల్లో కలిపి 13 సిక్సర్లు. మయాంక్‌తో జోడీ 317, మయాంక్ 215. 2024 ఫిబ్రవరిలో అదే మైదానంలో ఇంగ్లండ్ మీద యశస్వి జైస్వాల్ 209 చేశాడు. అతను టెస్టుల్లోకి వచ్చిందే ఓపెనర్‌గా. ఆ ఇన్నింగ్స్‌లో భారత్ చేసింది 396, జైస్వాల్ తర్వాతి పెద్ద స్కోరు 34.